జీడితోటలో ట్రంపెట్

12 అక్టోబరు 2003

ఇవాళ పైడిబాబుతో గొడవ. గొడవంటే నేనొక్కదాన్నే పడ్డాను, ఆయన నవ్వుతూ కూర్చున్నాడు. నర్సీపట్నంలో సగం ఇళ్లకి కేబుల్ ఆయనదే. ఇప్పుడు ఆయనకి సినిమా తీయాలని బుద్ధి పుట్టింది. గంటన్నర లవ్ స్టోరీ, వీడియో కెమెరాతో. కెమెరా మా ఆయన నానాజీ, మిక్సింగ్ నేను, అంతా మా స్టూడియోలోనే. ముందు కల్యాణమండపంలో స్క్రీన్ కట్టి వేస్తారట, తరవాత కేబుల్లో. అంతవరకు బాగానే ఉంది. మ్యూజిక్ సంగతేంటండీ అని అడిగాను. ఏటుందమ్మా, హిట్టు పాటలు నాలుగు తీసి ఎనకాల ఏసీయ్, అన్నాడు.

మేం పెళ్లి వీడియోలకి చేస్తున్నది అదే కదా! గులాబీ విచ్చుకుంటుంది, అందులోంచి పెళ్లికూతురు. హార్టు గుర్తు తెరుచుకుంటుంది, అందులోంచి పెళ్లికొడుకు, పంటినొప్పి మొహంతో. వెనకాల ఆ నెల హిట్టు. ఈ సినిమా కూడా అలాగే చేసేట్టయితే నేనెందుకు? గులాబీ ఒకటి చాలు.

జాజ్ పెడదామన్నాను. పాతకాలపు జాజ్, ప్రేమంటే అదీ అన్నాను. అదేటి అన్నాడు. ట్రంపెట్, క్లారినెట్, డ్రమ్స్ అని చెప్పాను. అంటే బేండుమేళమే కదేటి, అన్నాడు. ఒళ్లు మండిపోయింది.

నాన్న వాల్తేరులో రైల్వే గార్డు. మా పక్క క్వార్టర్స్‌లో ఉన్న ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ గారు ఊరు వదిలి వెళ్తూ తన గ్రామఫోన్ రికార్డులన్నీ నాన్నకి ఇచ్చేశారు. నేను వాటి మీద పెరిగాను. పెళ్లికి బీరువా వద్దు, ఆ రికార్డులు, ప్లేయరు ఇవ్వమని అడిగి తెచ్చుకున్నాను. అలాంటిదాన్ని పట్టుకుని బేండుమేళం అంటాడా.

15 అక్టోబరు, మధ్యాహ్నం

అత్తయ్య నన్ను మళ్లీ వెనక గదిలోకి తోసింది. వీధిలోంచి ఎవరిదో శవం వెళ్తోందట. కొత్త కోడలు ఏడాది తిరిగేదాకా అది చూడకూడదు, ఆ మేళం ఇనకూడదు. బేగి లోనికెల్లు గుంటా అని, తలుపు లాగి, గొళ్లెం పెట్టి, టీవీ సౌండు మొత్తం పెంచేసింది. వంటల ప్రోగ్రాం వస్తోంది. గుత్తివంకాయ ఎలా చెయ్యాలో తలుపవతల నుంచి మొదటినుంచి చివరిదాకా విన్నాను.

నాకు ఇరవై ఏడేళ్లు. ఫిజిక్స్‌లో డిగ్రీ ఉంది. గుంటట, చిన్నపిల్లనట!

2 నవంబరు

రికార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాను. సినిమాకి కావలసింది దొరికింది. లేబుల్ చిరిగిపోయింది, పేరు లేదు, ఎవరు వాయించారో తెలియదు. 1930ల నాటిదని డ్రైవర్ గారు చెప్పేవారు. ట్రంపెట్ ఒక్కటే మొదలవుతుంది. ప్రేమిస్తున్నానని చెప్పాలా వద్దా అని గుమ్మం దగ్గర తచ్చాడే మనిషిలా రెండుసార్లు దగ్గరకొచ్చి వెనక్కి పోతుంది. మూడోసారి చెప్పేస్తుంది. అప్పుడు క్లారినెట్ జవాబిస్తుంది. చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు విన్నానో, ఆ జవాబు దగ్గర ఇప్పటికీ ఊపిరాగుతుంది. హీరో హీరోయిన్లు జీడితోటలో కలిసే సీనుకి ఇదే. ఇంకోటి లేదు.

అత్తయ్య వంటింట్లోంచి గరిటెతో వచ్చి నిలబడింది. ఇదెక్కడిదమ్మా అంది. నాన్నదని చెప్పాను. ఆపీ తల్లీ, ఆపీ, అంది. ఆపలేదు. పాట అయ్యేదాకా గోడకి ఆనుకుని నిలబడి, తిన్నగా పెరట్లోకి పోయి తలమీంచి నీళ్లు పోసుకుంది. సాయంత్రం నాలుగింటికి తలస్నానం! వచ్చి గుమ్మం ముందు నీళ్లు జల్లింది.

మా నాన్న రికార్డుకి మైలా? నేను తెచ్చిన వస్తువంటే ఈ ఇంట్లో ఉన్న గౌరవం ఇది. నానాజీకి చెబితే కెమెరా లెన్సు తుడుచుకుంటూ, అది కాకుండా ఇంకోటి చూడు దేవీ, అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పడు. ఆయనకి వాళ్లమ్మ దగ్గర నోట్లో నాలుక లేదు.

9 నవంబరు, ఆదివారం

జీడితోటలో షూటింగ్, రోలుగుంట దగ్గర. మూడ్ రావాలని టేప్‌రికార్డర్ కూడా పట్టుకెళ్లాను. హీరోయిన్ విశాఖ నుంచి వచ్చిన డాన్సర్. పాట వినగానే కళ్లు మూసుకుని ఊగింది. ఆ పిల్లకి సంగీతం తెలుసు. హీరో ధర్మతేజ మా ఊరి డిగ్రీ కుర్రాడు. వాడేం చేశాడో రాస్తే రేపు నేనే నమ్మను. పాట మొదలవగానే బూట్లు విప్పేశాడు. చేతులు కట్టుకుని తల వంచాడు. హీరోయిన్ దగ్గరికి నడవరా అంటే, ఆమె వెనకాల నాలుగడుగుల దూరంలో మెల్లగా నడుస్తాడు. అక్కా, ఈ పాట అంటే... అని నసిగాడు. పాట సంగతి నాకొదిలెయ్, నీ మొహం సంగతి చూసుకో అన్నాను.

తోటలో గడ్డి కోస్తున్న వాళ్లు కొడవళ్లు కింద పెట్టి లేచి నిలబడ్డారు. మగవాళ్లు తలగుడ్డలు తీశారు. సోమలమ్మ అనే ముసలామె నా దగ్గరికొచ్చి, ఎవలమ్మా అంది. ఎవరి షూటింగ్ అని అడుగుతోందనుకుని పైడిబాబు గారిది అన్నాను. ఓలమ్మో, మొన్ననే సూసేనే బాబుని, అని గుండె బాదుకుంది. సినిమా తీస్తే గుండెలు బాదుకోవడమేంటి? నేను ఎలాంటి ఊరికి కాపురానికొచ్చాను!

10 నవంబరు

పైడిబాబు పోయాడని రోలుగుంటలో పుకారట. ఆయన ఫోన్ చేసి తిట్టాడు. నన్నెందుకు తిట్టాడో అర్థం కాలేదు.

30 నవంబరు

ఆ పాట తీసెయ్యమని నానాజీ రెండోసారి అన్నాడు. కారణం చెప్పలేదు. రికార్డు అట్ట విసిరికొట్టాను. ఇవాళ మాటల్లేవు.

21 డిసెంబరు, రాత్రి

నిద్ర రాదు, రాసేస్తాను.

కల్యాణమండపం నిండిపోయింది. పైడిబాబు కొత్త సఫారీలో ముందు వరసలో. మొదటి అరగంట బాగా నవ్వారు, ఈలలు వేశారు. తరవాత జీడితోట. ధర్మతేజ చెట్ల మధ్యలోంచి వస్తాడు, హీరోయిన్ వెనక్కి తిరుగుతుంది, ట్రంపెట్ మొదలైంది.

హాలంతా లేచి నిలబడింది.

చప్పట్లకి అనుకున్నాను. సిగ్గు లేకుండా నేను కూడా నవ్వుతూ నిలబడ్డాను. ఒక్కళ్లూ మాట్లాడ్డం లేదు. మగవాళ్లు చెప్పులు విడిచారు. వెనక వరసల్లో ఆడవాళ్లు ముక్కులు చీదుతున్నారు. ఒకామె బావురుమంది. క్లారినెట్ జవాబిచ్చే చోట, నాకు ఊపిరాగే ఆ చోట, ముందు వరసలో ఓ పెద్దాయన జేబులోంచి చిల్లర తీసి స్క్రీన్ మీదికి విసిరాడు. హీరోయిన్ మొహానికి తగిలి రూపాయి బిళ్ల కింద పడింది. ఇంకెవరో మిక్చర్ పొట్లంలోంచి మరమరాలు ఏరి జల్లారు. పాట అయ్యేదాకా అలాగే నిలబడి, తరవాత సగం మంది ఇంటికెళ్లిపోయారు. స్నానాలకి.

ధర్మతేజ ఏడుపు మొహంతో వచ్చి చెప్పాడు. అది సావు పాట అక్కా, అన్నాడు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద వయసు వాళ్లు పోతే పాడె ముందు భీమన్న మేళం వాయించేది అదేనట. పుట్టిన దగ్గర్నుంచి విన్నాడట. అందరూ విన్నారట.

22 డిసెంబరు

అందరికీ తెలుసు! నానాజీకి తెలుసు, అత్తయ్యకి తెలుసు, టీ కొట్టువాడికి తెలుసు. రెండు నెలలు ఇంట్లో, తోటలో, స్టూడియోలో అది మోగుతుంటే ఒక్కళ్లు, ఒక్కళ్లు కూడా నాకు చెప్పలేదు. నేనేమన్నా మనుషుల్ని తింటానా?

నానాజీ అన్నాడు, రెండుసార్లు చెప్పాను కదా అని. చెప్పావు, తీసెయ్యమని చెప్పావు, ఎందుకో చెప్పావా? సినిమా మొదలుపెట్టి శుభమా అంటూ పని చేస్తుంటే నోటితో సావు అని ఎలా అనమంటావు అన్నాడు. అత్తయ్యదీ అదే మాట. కొత్త కోడలి ముందు ఆ మాట ఎత్తకూడదట. మరి నన్ను చెవులారా విననిచ్చారా? గదిలో పెట్టి గొళ్లెం వేసి గుత్తివంకాయ వినిపించారు! విననివ్వరు, చెప్పరు. నాకెలా తెలుస్తుంది, కలలో కనిపిస్తుందా? అరిచాను. పక్కింటి వాళ్లు కిటికీలు తెరిచారు, వాళ్లకీ వినిపించేలా అరిచాను.

అత్తయ్య అంతా విని మెల్లగా అంది. మీ మావని ఆ పాటతోనే సాగనంపేం. అది ఇంటే నాకు మీ మావ ఎల్లిపోతన్నట్టు కాదు, ఎదురుగుండా ఉన్నట్టు ఉంటది. నాకూ భీమన్న అదే వాయించాల. నువ్వేమో జీడితోటలో ముద్దులకి పెట్టీసినావు.

ముద్దుల్లేవు, నుదురు తాకడమే అన్నాను. అదేం జవాబో నాకే తెలియదు. కానీ ఓడిపోయి ఊరుకోను. అది ప్రేమ పాట. ఎవరికో ఎవరో ప్రేమతో వాయించిన పాట. దాన్ని పాడె ముందు పెట్టిన వాళ్లది తప్పు, నాది కాదు.

25 డిసెంబరు

రావికమతం వెళ్లి భీమన్నని పట్టుకున్నాను. డెబ్బై దాటాయి, పళ్లు నిలిచాయి, ట్రంపెట్‌కి అవే కావాలట. ఆ పాట ఎక్కడిది మీకు అని నిలదీశాను. కూర్చోమని టీ తెప్పించాడు.

వాళ్ల నాన్న బేండు కట్టిన కొత్తలో, మన్యంలో కాఫీతోట దొర బంగళాకి వాయించడానికి వెళ్లేవాడట. అక్కడ గ్రామఫోన్‌లో విని నేర్చుకున్నాడు. పేరు తెలియదు, దొర పాట అనేవారు. ఇంటికొచ్చాక సాయంత్రాలు వాకిట్లో కూర్చుని అదే వాయించేవాడు. భీమన్న తల్లి పొయ్యి మీద కూర వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడేదట. కూర మాడిపోయేదట రోజూ. ఆమె జ్వరంతో పోయింది. పాడె ముందు మేళం వాయించాలి, ఆ మనిషికి ఇంకో పాట చేతికి రాలేదు. తరవాత ఊళ్లో ఎవరు పోయినా ఆ రోజు వాయించిందే మాకూ వాయించండి అని అడిగారు. అలా అయింది.

చూశారా! అంటే నేనన్నదే రైటు, అది ప్రేమ పాటే అన్నాను. లేచి నిలబడి మరీ అన్నాను. రైటేనమ్మా అన్నాడు. మాయమ్మకి అది పేమ పాటే. అందుకే మోసీటప్పుడు బరువు తెలీదు, అన్నాడు.

బస్సులో వస్తూ అంతా నాకు అనుకూలంగానే ఆలోచించుకున్నాను.

18 జనవరి 2004

పాట మార్చితే గానీ కేబుల్లో వెయ్యనన్నాడు పైడిబాబు. మారిస్తే టైటిల్స్‌లో నా పేరు తీసెయ్యండి, మాస్టర్ టేపు కూడా ఇవ్వను అన్నాను. విచిత్రం, నానాజీ నా పక్కన నిలబడ్డాడు. దేవి చెప్పిందే ఉంచండి అన్నాడు. ఏడాది కాపురంలో మొదటిసారి. పైడిబాబు తల పట్టుకున్నాడు. వచ్చే ఆదివారం వేస్తాడు, ఆ పాటతోనే.

26 జనవరి

స్టూడియోకి ఫోన్లు. తిట్లు. ఒకాయన, మా ఇంట్లో పేరంటం జరుగుతుంటే టీవీలో శవాన్ని తెచ్చారేంటి అని. ఇది లవ్ సీనండీ అని అందరికీ ఓపిగ్గా చెప్పాను. నలుగురి తరవాత ఓపిక లేకుండా చెప్పాను.

14 మార్చి

కాలేజీ పిల్లలు ఆ సీను మళ్లీ వెయ్యమంటున్నారట. పైడిబాబు ప్రతి ఆదివారం వేస్తున్నాడు. సీడీలు కూడా కొడుతున్నాడు. మొదటినుంచీ తనకే నమ్మకం ఉందని అందరికీ చెప్పుకుంటున్నాడట!

23 మే

పెళ్లిళ్ల సీజను. ఇవాళ ఓ ఊరేగింపులో భీమన్న మేళం ఆ పాట వాయించింది. పెళ్లికొడుకు అడిగాడట, సినిమా పాట కావాలని. భీమన్న కాదు వాయించింది, వాళ్ల కొత్త ట్రంపెట్ కుర్రాడు. కొంచెం స్పీడు పెంచాడు. కారు ముందు కుర్రాళ్లు డాన్స్ చేశారు. ఎవరూ చెప్పులు విప్పలేదు.

గెలిచాను. ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను. బియ్యం ఏరుకుంటోంది. తలెత్తలేదు.

8 ఆగస్టు

భీమన్న మా ఇంటికొచ్చాడు. ఎప్పుడూ రానివాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

రోలుగుంటలో జోగులు అనే పెద్దరైతు పోయాడట. భీమన్న పాడె ముందు ఆ పాట ఎత్తాడు. జోగులు మనవలు మీద పడిపోయారట. తాత శవం ముందు లవ్ పాట వాయిస్తావేటి, బుద్ధుందా, ఆపు, అని. భీమన్న ఆపలేదు. ట్రంపెట్ లాక్కున్నారు. యాభై ఏళ్లుగా వాయిస్తున్న మనిషి చేతిలోంచి.

వాళ్లకి చెప్పకపోయారా, ఇది మీ పాట కదా అన్నాను. ఎవరిదమ్మా మా పాట అన్నాడు. టీవీలో నీ పేరే ఏస్తారు కదా, సంగీతం దేవిశ్రీ అని. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. నాకు అలవాటైన పద్ధతి అది.

అత్తయ్య గుమ్మం దగ్గర్నుంచి అంతా విన్నది. మరైతే నాకు ఏటి వాయిస్తావు భీమన్నా, అని అడిగింది. ఆయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

9 ఆగస్టు

ఆ మనవల్ని నాలుగు తన్నాలి. తాతని మోస్తూ టీవీ గుర్తు తెచ్చుకునే వెధవలు.

16 జనవరి 2005

అత్తయ్యకి బాగాలేదు. కాళ్లు నీరు పట్టాయి. విశాఖ తీసుకెళ్లి చూపించాం. ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

పొద్దున్న నన్ను పిలిచి, మీ నాన్న పలక పెట్టు, ఇంటాను అంది. రికార్డుని పలక అంటుంది. ప్లేయరు మంచం పక్కకి జరిపి పెట్టాను. మొదటిసారి అడిగి విన్నది. ట్రంపెట్ రెండుసార్లు వచ్చి వెనక్కి పోయింది. మూడోసారి చెప్పింది. క్లారినెట్ జవాబిచ్చింది. నేను ఆమె మొహమే చూస్తున్నాను. బాగుందా అత్తయ్యా అన్నాను.

బాగుంది, అంది. కాసేపు పైకప్పు చూసింది. ఇదివరకు మీ మావ కనిపించీవోడు. ఇప్పుడా కుర్రోడు కనిపిస్తన్నాడు, ధర్మతేజ. జీడిసెట్టు పట్టుకుని నవ్వుతన్నాడు. నాను కళ్లు మూసుకున్నా ఆడే వస్తన్నాడు గుంటా, అంది.

నిష్ఠూరంగా అనలేదు. చేయి పట్టుకుని అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. నాకు ఎంత కోపం వచ్చిందంటే గదిలోంచి బయటికొచ్చేశాను. ఎవరి మీదో తెలియని కోపం. ధర్మతేజ మీద, పైడిబాబు మీద, ఆ లేబుల్ లేని రికార్డు మీద, తన పాటలు నా మీద మోపి పోయిన డ్రైవర్ గారి మీద. నేను ఆమె దగ్గర్నుంచి మావయ్యని లాక్కున్నాను. ట్రంపెట్ లాక్కున్న మనవలు నయం. వాళ్లు తరవాత దాన్ని తిరిగి ఇచ్చేశారు.

17 జనవరి

పైడిబాబు ఆఫీసుకి వెళ్లి ఆ సినిమా ఆపమన్నాను. నవ్వాడు. అప్పుడు ఉంచమని నువ్వే కదేటి పోట్లాడావు అన్నాడు. ఉంచమన్నది నేనే, ఆపమంటున్నదీ నేనే, మీకేంటి బాధ అన్నాను. జనం చూస్తన్నారమ్మా అన్నాడు. జనం చూస్తున్నారనే అని టేబుల్ మీద కొట్టాను. పేపర్‌వెయిట్ పడి పగిలింది. ఆపనన్నాడు.

అక్కణ్ణుంచి రావికమతం వెళ్లాను. మా అత్తయ్యకి మీరే రావాలి, అదే వాయించాలి, ఎవరు అడ్డొచ్చినా నేను చూసుకుంటాను అన్నాను. భీమన్న గుడ్డతో ట్రంపెట్ తుడుస్తూ కూర్చున్నాడు. నువ్వు అరుస్తావు కదా అన్నాడు చివరికి. అరుస్తానన్నాను. అయితే వస్తానన్నాడు.

3 మార్చి

అత్తయ్య పోయింది. భీమన్న వచ్చాడు. అదే వాయించాడు, నెమ్మదిగా, వాళ్ల నాన్న వాయించినట్టు. నన్నెవరూ లోపలికి తోయలేదు. ఆ పాటని పాడె ముందు, వీధిలో, నేను ఇవాళే మొదటిసారి విన్నాను.

పక్కింటి కొత్త కోడలు నిన్న గాక మొన్న వచ్చింది. గుమ్మంలో నిలబడి, సినిమా పాట గుర్తుపట్టి, నవ్వుతూ కాలితో తాళం వేస్తోంది. వెళ్లి దాన్ని రెక్క పట్టుకుని లోపలికి తోశాను. బేగి లోనికెల్లు గుంటా, అన్నాను. తలుపు లాగి గొళ్లెం పెట్టాను.